మంచులోంచి ‘ఏమండీ’

మార్గశిరమాసం, రెండో లక్ష్మివారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. డైరీలో ఉంది. నన్ను నమ్మకపోతే మానండి, ఆ పేజీని మాత్రం అబద్ధమనకండి. జరగనిది ఒక్క ముక్క కూడా నేను అందులో ఏనాడూ రాయలేదు.

పట్టపగలు పదకొండింటికి భయమేమిటంటారు. పగలు మా రామచంద్రపురంలో. ఫోనుకు అవతల రాత్రే. మా ఆయన అప్పుడు ఉత్తరధ్రువం దగ్గర ఒక రాడార్ స్టేషన్లో టెక్నీషియన్. ఇక్కడ వాతావరణ రాడార్లు బాగుచేసి రిటైరైన మనిషి. ఎవరో కంపెనీవాళ్ళు పిలిస్తే, అరవై రెండేళ్ళ వయసులో, ఒక్క చలికాలానికని వెళ్ళారు. ఆ కాలంలో అక్కడ సూర్యుడు రాడు. వారాల తరబడి రాడు.

ఉండడానికి ఒక గది. అరవై అడుగుల దూరంలో తెల్లటి గుండ్రటి గోపురం, దాని లోపల రాడార్ తిరుగుతూ ఉంటుంది. గదికీ గోపురానికీ మధ్య ఒక తాడు. మంచుగాలి లేస్తే చాచిన చెయ్యి కనపడదు, తాడు పట్టుకునే నడవాలి. వదిలేస్తే... అంతే.

తోడుగా ఉన్న టెక్నీషియన్‌కు జబ్బుచేసి, హెలికాప్టర్‌లో తీసుకుపోయారు. ఆ లక్ష్మివారానికి అతను వెళ్ళి పదకొండు రోజులు. అక్కడ మా ఆయన ఒక్కరే.

ఒక్కరే కదా. మరి ఐదో రోజు నుంచి ఆయన మాట మారింది. “మేము తినేశాం” అన్నారు. “మేము ఇవాళ పెందలాడే లేచాం” అన్నారు. మనం కాదు... మేము. అంటే అందులో నేను లేను. నేను లేని ఆ రెండో మనిషి ఎవరు? లెక్కపెట్టాను. ఆరు రోజుల్లో పద్నాలుగు ‘మేము’లు.

“మేమంటే ఎవరెవరండీ?” అని అడిగేశాను.

“నేనూ, నా రాడారూనే” అని నవ్వారు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. పక్కింటి కాంతానికి చెప్పాను. “అంత మంచులో కూడా సవతి దొరికిందా వదినా! పాపం, ఎన్ని స్వెట్టర్లు వేసుకుని సరసమాడుతుందో” అంది. నాకు నవ్వు రాలేదు. రాత్రిళ్ళు ఆ మనిషికి ముఖం ఊహించుకుంటూ పడుకునేదాన్ని. ఊహించిన ప్రతిసారీ నాకన్నా చిన్నదే.

ఆ రోజు వంటింట్లో కింద కూర్చుని, సాయంత్రం పూజకు చేమంతులు కడుతున్నాను. ఫోను బియ్యం డబ్బాకు ఆనించి, స్పీకర్ పెట్టాను. దారం కొస నా పళ్ళ మధ్య ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి... నా నోట్లో దారం ఉంది. కాంతం గుమ్మంలో అటు తిరిగి గోంగూర వలుస్తోంది.

వీడియో కాల్లో ఆయన బొమ్మ ఆగిపోయింది. మాట మాత్రం వస్తోంది. ఆయన అన్నం కలుపుకుంటున్నారు, చెంచా పళ్ళేనికి తగులుతోంది. వెనకాల రాడార్. గుయ్... గుయ్... నిమిషానికి ఆరుసార్లు. ఎప్పుడూ అంతే.

చెంచా ఆగింది.

గుయ్...

గుయ్...

“ఏమండీ...”

ఆడగొంతు. మెల్లగా. దగ్గర్లోంచి కాదు... తలుపు బయటి నుంచి పిలిచినట్టు. నా గొంతే. కానీ ఇప్పటిది కాదు. పెళ్ళయిన కొత్తలోది.

“ఆఁ, వస్తున్నా” అన్నారాయన.

కుర్చీ జరిగిన చప్పుడు.

మీకు నిజం చెప్పాలి. ముందు నాకు భయం వేయలేదు. కడుపు మండింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో నేను పిలిస్తే మొదటి పిలుపుకు లేచిన మనిషి కాదు. “ఉండవే, వార్తలవనీ” అంటారు. దీనికి... అన్నం ముందు నుంచి లేచారు.

గడియ తీసిన చప్పుడు వినిపించాక తెలివి వచ్చింది. ఒక్కసారిగా గాలి. హోరు. దారం ఊసి అరిచాను. “ఏమండీ! వెళ్ళకండి! ఏమండీ!”

పదకొండూ పద్నాలుగు. గోడ గడియారం చూశాను.

అరుస్తూనే ఉన్నాను. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగాను. నేను ఆగాను... పిలుపు ఆగలేదు.

“ఏమండీ... ఏమండీ...”

గుయ్... గుయ్... అరుపు మాని రాడార్ చుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇంకేం చెయ్యగలను?

పదకొండూ ముప్ఫై ఒకటికి తలుపు పడిన చప్పుడు. పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు.

“ఎక్కడికి వెళ్ళారండీ!”

“నువ్వు పిలుస్తూనే ఉన్నావు కదే... అటే నడిచాను.”

“తాడు?”

“తాడు వైపు నుంచి రాలేదే పిలుపు. ఎంత నడిచానో తెలీదు... చేతికి గోపురం గోడ తగిలింది. అక్కణ్ణుంచి తాడు పట్టుకుని వచ్చాను.”

“గ్లవ్స్ వేసుకున్నారా?”

చేతులు రుద్దుకుంటున్న చప్పుడు.

కాంతం అప్పటికి నా పక్కకు వచ్చి నిలబడింది. “కాంతం, ఆ మొదటి పిలుపు విన్నావా?” అన్నాను.

“వినకేం? నువ్వేగా పిలిచావు వదినా. ఎంత తియ్యగా పిలిచావో... నాకే సిగ్గేసి ఇటు తిరగలేదు.”

ఫోన్లు బాగుచేసే అతన్ని అడిగాను. “ఎకో అండి, మన మాటే మళ్ళీ మనకు వినపడుతుంది” అన్నాడు. కావచ్చు. నేను అనని మాట ఎలా వినపడుతుంది? దారం పళ్ళ మధ్య పెట్టుకుని నేనే అన్నానా? అనుంటే, అంత తియ్యదనం నాలో ఎక్కడ మిగిలింది?

ఆ లక్ష్మివారం తర్వాత తొమ్మిదో రోజున కంపెనీవాళ్ళు ఆయన్ని పంపేశారు. చేతికి కట్టుతో వచ్చారు. నెలన్నర నేనేమీ అడగలేదు. మొన్న, మందు రాస్తూ అన్నాను. “ఆ రోజు పిలిచింది నేను కాదండీ.”

వీధి తలుపు వైపు చూశారు.

“నువ్వు కాదని నాకు అప్పుడే తెలుసు” అన్నారు.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవరకే డైరీలో రాసుకున్నాను. పోయినవి: ఆయన ఎడమచేతి వేళ్ళ కొసలు రెండు. ఇంకా డెబ్బై నాలుగు రోజులుండగానే ఉద్యోగం. నేను ఆయన్ని ‘ఏమండీ’ అని పిలవడం.