జబ్బు లేని ఇంట్లో బత్తాయిలు

బియ్యెస్సీ పాసయ్యానని తెలిసిన రోజున అమలాపురం బస్టాండు దగ్గర అరడజను బత్తాయిలు కొన్నాను. మా అమ్మకి రెండు కబుర్లు చెప్పాలి. మా పేటలో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే అన్నది ఒకటి. మనుషులన్నవాళ్ళు రోజూ పళ్ళూ కూరలూ తినాలి అన్నది రెండోది. నిజం చెప్పాలంటే నాకు రెండోదాని మీదే ఎక్కువ ఉబలాటంగా ఉంది. పాసైన సంగతి పేపర్లో నంబరు చూసి ఎవరో ఒకరు ఈపాటికే చెప్పేసి ఉంటారు. రెండోది మాత్రం నేను చెబితేనే మా ఇంటికి తెలుస్తుంది.

ఆఖరి సంవత్సరంలో ఒక డాక్టరమ్మగారు మా కాలేజీకి వచ్చి గంటసేపు మాట్లాడారు. అన్నం ఎంత తిన్నా అదొక్కటే ఒంటికి చాలదనీ, ఆకుకూరా కాయకూరా పండూ రోజూ కంచంలో కనబడాలనీ చెప్పారు. అందరూ వెనక బెంచీల్లో గుసగుసలాడుకుంటుంటే నేను మాత్రం ఒక్క ముక్క వదలకుండా నోట్సులో రాసుకున్నాను. రాస్తున్నంతసేపూ మా అమ్మ కంచమే కళ్ళ ముందు ఉంది. పొద్దున్న చద్దన్నం, చింతకాయ పచ్చడి. మధ్యాహ్నం చేలో గట్టు మీద మళ్ళీ అదే. రాత్రికి వేడన్నం, ఎండుచేపల పులుసు. అరటి తోటల మధ్య పుట్టి పెరిగినవాళ్ళమే, కానీ ఆ గెలలు పచ్చిగా ఉండగానే రావులపాలెం మార్కెట్టుకి వెళ్ళిపోయేవి. మేము వాటి కింద కలుపు తీసేవాళ్ళం.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ వాకిట్లో చేట పట్టుకుని నూకలు చెరుగుతోంది. నేను పాసైన సంగతి అప్పటికే తెలిసినట్టుంది, ముఖం వెలిగిపోతోంది. కాగితం సంచీ చేతిలో పెట్టాను. లోపలికి చూసింది. ఆ వెలుగు అలాగే ఆగిపోయింది.

"ఎవరికే ఇవి?"

"నీకే."

"నాకెందుకు?"

"రోజూ తినాలమ్మా. రోజూ ఒక పండు."

చేట కింద పెట్టేసింది.

నేనేం తప్పన్నానో నాకు అప్పుడు తోచలేదు. తోచవలసింది. మా పేటలో బత్తాయికి ఒకటే అర్థం. ఎవరైనా ఆస్పత్రిలో పడితే, చూడబోయేవాళ్ళు కాగితం సంచీలో బత్తాయిలు పట్టుకెళ్ళేవారు. మా పెదనాన్న టీబీతో పోయిన వారం, ఆయన మంచం కింద నుంచి అమ్మే బత్తాయి తొక్కలు ఊడ్చింది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి పండు తెచ్చి పెట్టడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. రోజూ తినేది అంటారా, అన్నం, అది కాకపోతే మాత్ర.

దానికి తోడు ఇంకో చిక్కు ఉంది. ఆ ఎండాకాలంలో అమ్మకి పది రోజులు దగ్గొస్తే అమలాపురం తీసుకెళ్ళి చూపించాను. గుండెకి ఎక్స్‌రే ఫోటో తీశారు. ఏమీ లేదని ఒక కాగితం రాసిచ్చారు. అది ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో దాన్ని చదవగలిగింది నేనొక్కదాన్నే.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని అమ్మ మెల్లిగా అడిగింది. "ఆ ఫోటో కాగితంలో ఏం రాసేరే?"

"ఏమీ లేదని రాసేరు. అప్పుడే చెప్పేను కదా."

"చెప్పేవులే. ఆ డాక్టరమ్మ కాలేజీకొచ్చి పళ్ళు తినమందన్నావు. ఆవిడకి నా సంగతెలా తెలుసు?"

"నీ సంగతి కాదమ్మా. అందరూ తినాలంది."

"అందరూ తినాలంటే ఆరు పళ్ళూ నాకే ఎందుకు తెచ్చేవు?"

దీనికి జవాబు చెప్పడానికి డిగ్రీ చాలలేదు.

మర్నాటి నుంచి మా ఇంట్లో అందరూ అందరి కంచాల్లోకీ చూడటం మొదలుపెట్టాం. నేను అమ్మ తింటోందా లేదా అని చూసేదాన్ని. నేను తనకి ఎక్కువ వడ్డిస్తున్నానా అని అమ్మ చూసేది. కొబ్బరి దింపు పని నుంచి వచ్చిన నాన్న ఇద్దరినీ చూసేవారు. మూడోరోజున ఆయన నన్ను పెరట్లోకి పిలిచి, గొంతు తగ్గించి అన్నారు. "నాకు చెప్పినా పర్లేదమ్మా. మీ అమ్మకి చెప్పనులే."

అమ్మ ఊరుకునే మనిషి కాదు. నాకు చెప్పకుండా మా వీధి చివర మందులిచ్చే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఏమన్నారో తనే వచ్చి చెప్పింది, దొంగని పట్టుకున్నట్టు.

"డాక్టరుగారండీ, నాకేం జబ్బండీ, దాచకుండా చెప్పండీ అన్నాను. గొట్టం పెట్టి చూసి, ఏం లేదమ్మా, బాగానే ఉన్నావు అన్నారు. ఆయ్ అన్నాను. వచ్చేస్తుంటే వెనక్కి పిలిచి ఏమన్నారో తెలుసా? కాస్త ఆకుకూరలు, పళ్ళు తింటా ఉండమ్మా అన్నారు."

"అదే కదా నేనూ చెప్తున్నాను."

"అదేనే. నువ్వెళ్ళి ఆయనకి ముందే చెప్పేవన్నమాట."

బత్తాయిలు బియ్యం డబ్బాలో దాచేసింది. అమ్మ పళ్ళు దాచడం పక్కింటివాళ్ళు చూశారు. పళ్ళుండటం ఒక ఎత్తు, దాచడం ఇంకో ఎత్తు. ఆదివారం నాటికి సంగతి గుడి దాకా, అంటే మా పేట చర్చి దాకా వెళ్ళింది. ప్రార్థనలో సంఘ పెద్దగారు పేరు పేరునా రోగుల కోసం వేడుకుంటూ మా అమ్మ పేరు దగ్గర గొంతు ఇంకాస్త తగ్గించారు. మోకాళ్ళ మీద ఉన్న అమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. ఆడవాళ్ళందరూ ఒక కన్ను తెరిచి తననే చూస్తున్నారు.

ఆ సాయంత్రం మా అత్త వచ్చింది. అమ్మకి వరసకి వదిన, ఊడ్పుల జట్టుని నడిపేది ఆవిడే. ఆ జట్టులో అమ్మది గట్టువైపు చివరి చోటు. వరసలో అందరి చేతులూ ఆ చివరి మనిషి చేతి వేగాన్ని బట్టే నడుస్తాయి. పదిహేనేళ్ళుగా ఆ చోటు అమ్మదే. జట్టంతా గట్టు మీద ఒకచోట కూర్చుని తింటారు, ఒక్క చెంబుతో నీళ్ళు తాగుతారు. అందులోనే ఉంది గొడవంతా, టీబీ అంటుకుంటుందని.

అత్త గుమ్మం లోపలికి రాలేదు. "వదినా, ఈ ఏడు కాస్త రెస్టు తీసుకోరాదూ. అమ్మాయి చదువు కూడా అయిపోయింది కదా."

"నాకేమైందని రెస్టు?"

"ఏమైందని నేనన్నానా? ఏమీ కాకూడదనే ప్రార్థన చేస్తన్నాం."

"నా చోట్లో ఎవర్ని పెడతన్నావు?"

అత్త పేట చివరికి చూసింది. కొత్త మనిషిని అప్పటికే అనుకున్నారని అమ్మకి అర్థమైపోయింది.

అత్త వెళ్ళాక అమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నిన్ను చదివించడానికి అన్నేళ్ళు ఆ చివర నిలబడ్డాను. నువ్వు చదివొచ్చి నన్ను అక్కణ్ణించి లేపేసేవు" అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నోట్సు తీసి మళ్ళీ చదివాను. డాక్టరమ్మగారు బత్తాయి అనలేదు. ఎక్కడా అనలేదు. 'కొననక్కర్లేదు, మీ చుట్టుపక్కల పెరిగేవే చాలు' అన్న మాట నా దస్తూరీతోనే, కింద గీత గీసి మరీ ఉంది. పాసైన సంబరంలో బస్టాండు బండి మీద మెరిసేవి చూసి అదంతా మర్చిపోయాను.

పొద్దున్నే కాలవగట్టుకి వెళ్ళి ఒడినిండా పొన్నగంటి ఆకు కోసుకొచ్చాను. గుడి వెనక జామచెట్టు కాపు మీద ఉంది. దోరకాయలు ఏడెనిమిది కోశాను. అవి చాపమీద పెట్టేసరికి అమ్మ వాటివంక చాలాసేపు చూసింది. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టుంది.

"జాంకాయ దగ్గు మనిషికి పెట్టరు కదే."

"పెట్టరు."

"మీ పెదనాన్న ఎంత ఏడిచినా పెట్టనివ్వలేదు డాక్టరు."

"అవును."

"అయితే నువ్వు నిజంగానే నాకు జబ్బు లేదనుకుంటన్నావా?"

నేను ఇన్ని రోజులుగా చెబుతున్నది ఒక జామకాయ ఒక్క నిమిషంలో చెప్పేసింది. అమ్మ లేచి చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టింది. "పప్పులో ఆ ఆకు వేసి వండు. కాయలు మూట కట్టు. నువ్వూ రా."

మేం చేరేసరికి జట్టు మధ్యాహ్నం అన్నాలకి గట్టెక్కింది. అమ్మ వాళ్ళకి నాలుగడుగుల దూరంలో కూర్చుని క్యారేజీ విప్పి, పొన్నగంటి పప్పు కలుపుకుని అందరూ చూస్తుండగా తింది. తరవాత ఒక జామకాయ తీసి పటుక్కున కొరికింది. గింజలతో సహా నమిలింది. జట్టంతా నమలడం ఆపి అమ్మ గొంతువైపే చూస్తున్నారు. దగ్గు కోసం. నేనూ అదే చూస్తున్నాను. నా నోట్సు మీద నాకే నమ్మకం పోయినట్టైంది.

కాయ సగమైంది. దగ్గు రాలేదు.

"ఇంకోటి తిను" అంది అత్త.

అమ్మ ఇంకోటి తింది. చెంబు అడగకుండా, నీళ్ళు తాగకుండా తింది.

"దగ్గు ఆపుకుంటందేమో" అని అటు చివర నుంచి కొత్తగా వచ్చిన మనిషి గొణిగింది.

"జాంకాయ గొంతులో పెట్టుకుని దగ్గు ఆపుకోడం నువ్వు చేసి చూపించవే, చూస్తాను" అంది అమ్మ. ఒకరిద్దరు నవ్వేరు. అమ్మ మూడో కాయ సగం కొరికి, మిగిలిన సగం అత్త ముందు చాపింది. "నువ్వు తిను వదినా. నాకు టీబీ లేదని నీకు తెలియాలంటే ఇదొక్కటే దారి."

అత్త ఆ కాయని చూసింది, నన్ను చూసింది. "ఏమే, డిగ్రీ పాసయ్యేవు కదా. ఒట్టేసి చెప్పు. కాగితంలో ఏముంది?"

"ఏమీ లేదని ఉందత్తా."

అత్త పైటకొంగు తీసి కాయ మీద కప్పి, చిన్నపిల్లలు ఎంగిలి అంటకుండా పంచుకున్నట్టు, బట్ట మీంచి కాకెంగిలి కొరుకు కొరికింది. నమిలింది. ఒక నిమిషం ఆలోచించింది. తరవాత కొంగు తీసేసి మిగతా ముక్క నోట్లో వేసుకుంది.

"కాయ బాగుంది. ఎక్కడివే?"

"గుడి వెనకాలవి."

"ఆ చెట్టు కింద రోజూ పిల్లలు తొక్కి పారేసే కాయలు కాదూ ఇవి. వీటికి డిగ్రీ కావాల్సొచ్చిందా?" అని, వెనక్కి తిరక్కుండానే కొత్త మనిషితో, "నువ్వు మధ్యలోకి జరుగమ్మా" అంది.

ఆ మధ్యాహ్నం అమ్మ గట్టువైపు చివర దిగింది. నేను గట్టు మీద కూర్చుని ఖాళీ క్యారేజీ పట్టుకుని చూశాను. మిగిలిన కాయలు జట్టు పంచుకుంది. మూట గుడ్డ కూడా ఎవరో దులిపి మడతపెట్టి ఇచ్చారు.

సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి ఆస్పత్రి కాగితం తీసి నా చేతికిచ్చింది.

"చదువు. పైనుంచి కిందిదాకా, ఒక్క ముక్క మిగల్చకుండా."

చదివి తెలుగులో చెప్పాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. రెండుసార్లూ ఒకటే వచ్చిందా లేదా అని నా పెదాలనే చూసింది. తరవాత బియ్యం డబ్బాలోంచి, తొక్క ముడతలు పడ్డ బత్తాయి ఒకటి తీసి ఒలిచింది. సగం తొనలు నా చేతిలో పెట్టింది.

"ముందు నువ్వు తిను" అంది.