మిద్దె కింద వంతు

నా చిన్నప్పుడు పెబ్బేరు దగ్గరి మా ఊళ్లో అన్నీ దూలాల మీద మన్ను కప్పిన మట్టి మిద్దెలే. ఒక ఏడు ముసురు పట్టి వదల్లేదు. మా వాడకట్టులోనే ఒక మిద్దె రాత్రిపూట కూలి, కింద పడుకున్న ముసలామె చనిపోయింది. పొద్దున మట్టి తవ్వుతుంటే చూశాను. నిద్రలోనే పోయింది, ఏమీ తెలిసి ఉండదు అని పెద్దవాళ్లు ఓదార్పుగా అనుకున్న మాట నన్ను పట్టుకుంది. నిద్రపోతే తెలియదు. అంటే నిద్రపోకూడదు.

అప్పటినుంచి అందరూ పడుకున్నాక నేను వెల్లకిలా పడుకుని దూలాన్ని చూస్తూ ఉండేవాణ్ణి. చిటికెడు మన్ను రాలినా లేచి కూర్చునేవాణ్ణి. నేను కునుకు తీస్తే అమ్మా, చెల్లీ దాని కింద పోతారనిపించేది. కొన్నాళ్లకు పగలు కూడా దూలం కదులుతున్నట్టు కనిపించసాగింది. మా బడి రేకులది. అక్కడ కూడా మన్ను రాలే చప్పుడు వినిపించేది. అన్నం ముందు కూర్చుని ఊరికే ఏడ్చేవాణ్ణి. పిల్లాడికి గాలి సోకిందని ఇంట్లో అనుకున్నారు. నాకు పిచ్చి లేస్తోందేమోనని నాకే భయం పట్టుకుంది.

వాన తెరిపి ఇచ్చిన ఒక పూట మా తాత నన్ను మిద్దె మీదికి తీసుకుపోయాడు. నీళ్లు దిగకుండా ఇద్దరం చౌడు మట్టి పరిచి తొక్కాం. అక్కడే ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆయన నవ్వలేదు.

"గిన్ని దినాలు నువ్వొక్కనివే కావలి కాస్తున్నవారా? కల్లం కాడ గూడ వంతులుంటయి గద. రాత్రి వంతు నాది."

"నువ్వు పండుకుంటే?"

"వంతు పట్టినోడు పండుకుంటడా? పిచ్చోడా."

ఆ రాత్రి తలకు చుట్టుకునే రుమాలు విప్పి ఒక కొన నా మణికట్టుకు కట్టాడు. రెండో కొన తన చేతికి చుట్టుకున్నాడు. "అనుమానమొస్తే గుంజి సూడు" అన్నాడు. గుంజాను. కాసేపాగి మళ్లీ గుంజాను. ప్రతిసారీ అటునుంచి ఆయనా గుంజాడు. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు.

లేచేసరికి ఎండ గడప దాటింది. తాత దూలం కింది గుంజకు ఆనుకుని అలాగే కూర్చుని ఉన్నాడు, కళ్లు ఎర్రగా. "ఇగ నీ వంతు. జర నడుము వాలుస్త" అని అక్కడే ఒరిగి గురక పెట్టాడు. నేను బుద్ధిగా కూర్చుని పైకి చూశాను. చాలాసేపు చూశాను. దూలం కదలలేదు.

ఇంత తెలిసీ, తండ్రినయ్యాక నేను చేసింది కూడా చెప్పాలి. ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న నా కొడుకు ఒకనాడు వచ్చి, "నాయినా, నిద్ర పడ్తలేదు. జర నా తాన కూసుంటవా" అని అడిగాడు. "ఆ ఫోను అవతల పడెయ్, నిద్ర అదే వస్తది" అని కసిరాను. వాడు మళ్లీ అడగలేదు. చేతిలో ఫోను లేకుండానే గోడ వైపు తిరిగి ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాక గానీ నాకు దడ పుట్టలేదు. వనపర్తి దవాఖానలో డాక్టరు మొదట అడిగింది, నిద్ర ఎట్లా ఉందని.

ఇప్పుడు వాడు మందులు వాడుతున్నాడు, మెల్లగా తేరుకుంటున్నాడు. మాది స్లాబు ఇల్లు, నెత్తిన పడేదేమీ లేదు. అయినా వాడి మంచం పక్కనే నా మంచం వేసుకుంటాను. మా తాత రుమాలు సంగతి వాడికి చెప్పాను. లైటు ఆర్పే ముందు నా కండువా ఒక కొన వాడి వైపు వేసి, "పండుకో బిడ్డా, వంతు నాది" అంటాను. ఒక్కోసారి చీకట్లో వాడి చెయ్యి ఆ కొన గుంజి చూస్తుంది.

నేనూ గుంజుతాను.