కోసేసిన వల

డెబ్బై ఒకటి యుద్ధం మొదలైన వారమే విశాఖలో ఓడెక్కాను. సబ్‌మెరైన్లను వేటాడే ఫ్రిగేట్ అది. నా డ్యూటీ వెనక డెక్ మీద, డెప్త్ చార్జీల దగ్గర. పీపాల్లాంటి బాంబులు, నీళ్ల లోపల పేలతాయి. ఉప్పు గాలి, నాలుగు గంటల కాపలా, నాలుగు గంటల నిద్ర. కొల్లేటివాడివై ఉండి ఓడ కుదుపుకి వాంతులేంట్రా అని గన్నర్ హిందీలో తెగ ఏడిపించాడు. కొల్లేట్లో అలలెక్కడ ఏడ్చాయి గనక!

చమురు ఓడకి ముందు నడిచి దాన్ని కాయడం మా పని. ఒకరోజు ఎండ ఎక్కాక నీళ్ల కింది చప్పుళ్లు పట్టే సోనార్ గది నుంచి కేక వచ్చింది.

"కాంటాక్ట్! కుడివైపు, దగ్గర్లోనే!"

నీళ్ల కింద ఏదో కదులుతోంది. సరిగ్గా దాని మీదే చేపల పడవ. ముగ్గురు మనుషులు, వల దించి ఉన్నారు.

ఓడలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. కెప్టెన్ పైకి పిలిచి మైకు చేతికిచ్చాడు. "వెంటనే పొమ్మను. ఎక్కువసేపు ఆగలేం."

"వల వదిలేసి వెళ్లిపోండి! ఇక్కడ బాంబులు వేస్తున్నాం!"

వాళ్లు వల లాగడం మొదలెట్టారు. అదంతా పైకి రావాలంటే గంట పడుతుంది. పడవలో పెద్దాయన అరిచాడు.

"వలొగ్గేస్తే ఏటి తింటాం బాబూ?"

వెనకాల చమురు ఓడ, దాన్నిండా మనుషులు. మా ఇంట్లో వల కాస్త చిరిగినా ఆ పూట ఎవరికీ ముద్ద దిగేది కాదు.

"మాదీ చేపలు పట్టే ఇల్లేనండీ. వలంటే ఏంటో నాకు తెలుసు. దండం పెడతానండీ, కోసెయ్యండి."

మైకుతో సహా చేతులు జోడించాను.

పెద్దాయన నా వంక చూశాడు. కత్తి తీశాడు. వల తాడు కోశాడు. మిగతా ఇద్దరూ తెడ్లు అందుకున్నారు.

వాళ్లు దూరం వెళ్లాక ఆర్డర్ వచ్చింది. వదిలాం. సముద్రం లేచి పడింది. సబ్‌మెరైన్ పగిలిన గుర్తుగా నూనె తేలలేదు, ఒక్క చెక్క ముక్కా తేలలేదు. చచ్చిన చేపలు తేలాయి. చమురు ఓడ మాత్రం క్షేమంగా రేవు చేరింది.

యుద్ధం అయ్యాక సెలవు మీద ఏలూరులో రైలు దిగాను. కైకలూరు బస్సులో పక్కాయన యూనిఫాం చూసి వివరాలడిగాడు. సబ్‌మెరైన్ల వేట అని చెప్పాను.

"ఏవండీ, మరి ఒకటైనా మునిగిందాండీ?"

"అది తెలీదండీ. వల ఒకటి మునిగింది."

జోకనుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ కళ్లు మూస్తే ఆ పెద్దాయనే. పడవ దూరమవుతోంది, తాడు ఎప్పుడో జారిపోయింది, ఆయన పిడికిళ్లు మాత్రం ఇంకా దాన్ని పట్టుకున్నట్టే బిగిసి ఉన్నాయి.