ఢిల్లీ పంతులుగారి బిందె

నాంచారమ్మకు ఉన్న పిచ్చి ఒక్కటే. మధ్యాహ్నం పూట టీవీలో కనిపించినవాళ్లకు ఏటేటా సభ పెట్టి బహుమతులిస్తుంది. వాళ్లుండేది ఢిల్లీలో, ఈమె ఉండేది మాచర్లలో. ఈ చిన్న ఇబ్బందిని ఆమె ఏనాడూ లెక్కచేయలేదు.

ఎనభైల చివర్లో రాత్రి టీవీకి ఊరంతా భక్తులే. మధ్యాహ్నం మాత్రం కాలేజీ పిల్లల కోసం ఇంగ్లీషు పాఠాలు వేసేవారు. ఆ టైముకి కాలేజీ పిల్లలు సినిమా హాల్లో ఉండేవాళ్లు. పాఠాలు చూసేది నాంచారమ్మ, ఎదురుగా ఉన్న నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నుంచి అన్నం క్యారేజీలతో ఆమె వసారాలోకి వచ్చే ఆడకూలీలు. ఒక్కరికీ ఇంగ్లీషు ముక్క రాదు.

"అర్థంకానిదానికి బహుమతేందక్కా?" అని ఎకసెక్కమాడాడు ఫ్యాక్టరీ మేస్త్రీ పిచ్చియ్య.

"అర్థమయ్యేది చెప్పి ఎవడైనా కూర్చోబెడతాడు. ఒక్క ముక్క తెలియకపోయినా చేతిలో ముద్ద ఎండిపోయిందాకా కూర్చోబెట్టాడే, వాడురా పనోడు!"

బహుమతులన్నీ స్టీలు సామాన్లే. వాటి మీద పేర్లు కొట్టేది బజార్లో మిషను పెట్టుకున్న నూర్ మొహమ్మద్. ఎండలు ముదిరేముందు నాంచారమ్మ సంచీతో దిగేది.

"ఈ పళ్లెం, పాఠానికి ముందు నమస్కారం పెట్టే పిల్లకి. ఈ గిన్నె, బొమ్మ ఆగిపోతే 'అంతరాయానికి చింతిస్తున్నాం' అని వచ్చే అట్టకి."

"అట్టక్కూడానా పిన్నీ?"

"తప్పు చేసి చింతిస్తున్నానని చెప్పినోళ్లు ఈ ఊళ్లో ఇంకెవరున్నార్రా?"

నూర్ మొహమ్మద్‌కు నచ్చనిది ఇంకొకటి. ఆ చుట్టుపక్కల చెంచా ఇచ్చినా ఇచ్చినవాళ్ల పేరు ఇంటిపేరుతో సహా కొట్టిస్తారు. పక్కన చోటు చాలకపోతే అడుగున కొట్టమంటారు. నాంచారమ్మ తన పేరు వద్దంటుంది. అతనికది సగంలో ఆపేసిన పనిలా ఉండేది.

"అడుగున గులాబీపువ్వు వేసి మరీ నీ పేరు కొడతా పిన్నీ, ఊరికే."

"కొట్టావంటే నీ నెత్తిన బోర్లిస్తా!"

ఆ ఏడు పెద్ద బిందె తెచ్చింది. 'కప్పను కోసి చూపించిన బట్టతల పంతులుగారికి మొదటి బహుమతి' అని కొట్టించింది. ఈ సభేందో చూద్దామని నూర్ మొహమ్మద్ కూడా వెళ్లాడు.

టీవీకి బంతిపూల దండ వేశారు. నాంచారమ్మ కోర్టు బంట్రోతులా ఒక్కో పేరూ మూడుసార్లు పిలిచింది. ఢిల్లీ నుంచి ఎవరూ రాలేదు. నమస్కారం పిల్ల తరఫున కూలీల్లో ఒకతె, పుల్లమ్మ, పళ్లెం అందుకుంది.

"వాళ్లొచ్చి అడిగిందాకా వాడుతుండవే. ఊరికే పెడితే తుప్పు పట్టుద్ది" అంది నాంచారమ్మ.

"స్టీలుకి తుప్పేంది..." అనబోయిన నూర్ మొహమ్మద్ కాలిని నాంచారమ్మ గట్టిగా తొక్కింది.

బిందె వంతు వచ్చేసరికి అందరూ కూలీల్లో కూర్చున్న మల్లమ్మ వైపు చూశారు. మొగుడు ఇంట్లో గరిటె కూడా మిగల్చకుండా అమ్ముకు తాగితే, వాడిని వదిలేసి వచ్చి ఆ వీధి చివరి గదిలో ఉంటోంది. నీళ్లు మోసేది రంగు డబ్బాతో. వీధివాళ్లు ఇచ్చిన గిన్నెలన్నీ ఎవరివి వాళ్లకు తిప్పి పంపింది. "ఇంకొకళ్ల పేరున్న గిన్నె నా ఇంట్లో ఉండదు. రేపు కుళాయి కాడ పోట్లాటొస్తే ఆ పేరు చూపించి నా నోరు మూయిస్తారు" అని మొహమ్మీదే చెప్పింది.

ఇంతలో పిచ్చియ్య ముందుకొచ్చాడు. "పంతులుగారి తరఫున నేను తీసుకుంటా."

"కప్పకి నువ్వేమవుతావురా? కూర్చో!" అంది నాంచారమ్మ. "ఏమే మల్లమ్మా, రోజూ డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతా 'వచ్చిందా, వచ్చిందా' అని అరిచేదెవరు? ఆ పంతుల్ని ఢిల్లీ నుంచి ఇక్కడిదాకా పట్టుకొచ్చింది నువ్వే. నువ్వు చెయ్యి వదిలితే ఆయన మొహం నిండా చుక్కలేగా! పట్టు."

మల్లమ్మ కదల్లేదు. "నూరన్నా, దాని మీద ఏముందో ఉన్నదున్నట్టు చదువు" అంది.

చదివాడు.

"ఇంకా?"

"అంతే."

"అడుగున?"

నూర్ మొహమ్మద్ బిందె తిరగేశాడు. గీత లేకుండా అద్దంలా మెరుస్తోంది. తను గులాబీపువ్వు వేస్తానన్న చోటది.

"ఏమీ లేదు తల్లీ. పని పూర్తిగానే ఉంది."

మల్లమ్మ లేచి బిందె చంకనెత్తుకుంది. "ఆయనొచ్చిందాకానే. అడిగిన రోజు ఇచ్చేస్తా."

"ఇవ్వకపోతే నేనూరుకుంటానా?" అంది నాంచారమ్మ, ఇంకా గట్టిగా.

తర్వాత వారం కుళాయి దగ్గర, బకెట్‌తో వరసలో ముందుకు దూరబోయిన పిచ్చియ్యను మల్లమ్మ అడ్డం నిలబడి ఆపింది.

"మహా నీలుగుతున్నావే! ఆ బిందె ఎవరిచ్చారే నీకు?"

"ఢిల్లీ పంతులుగారిది. కావాలంటే ఆయన్నొచ్చి అడగమను. ముందు నువ్వు వరసలో వెనక్కి పో!"