మూడో ఆదివారం దాకా దిగని ఆవిరి ఓడ

కంప్యూటర్ గదిలోకి చెప్పులు గుమ్మం బయట విడిచి వెళ్ళే రోజులవి. అరకు లోయలో మా మిషన్ బడికి ఆ పెట్టెలు వచ్చిన కొత్తలో వాటికి జరిగిన మర్యాద మా ఇంటికొచ్చిన ఏ అల్లుడికీ జరగలేదు. పూల గుడ్డ కప్పేవాళ్ళం. తడిచేత్తో ముట్టుకోకూడదు, తుమ్మొస్తే బయటికెళ్ళి తుమ్మి రావాలి. ఆ గదికి సర్వాధికారిని నేను. పార్వతీపురంలో ఏదో కోర్సు పూర్తిచేసి, కొత్తగా మొలిచిన మీసంతో కంప్యూటర్ మాస్టారుగా చేరాను. కరెంటు ఉన్నంతసేపు పిల్లలకు కంప్యూటర్ చెప్పేవాణ్ణి. కరెంటు లేనప్పుడు (అంటే చాలాసేపు) కంప్యూటర్ గురించి చెప్పేవాణ్ణి.

ఆ చాలాసేపట్లోనే నాకు కథల పిచ్చి పట్టింది. విశాఖలో చదువుకునే మా పిన్ని కొడుకు ఫుట్‌పాత్ మీద దొరికే పాత ఇంగ్లీషు నవలలు సంచినిండా తెచ్చి పడేసేవాడు. వాటి వెనక అట్టల మీదే నేను రెండు కొత్త మాటలు నేర్చుకున్నాను. ఒకటి సైబర్‌పంక్. అందులో అంతా రేపటి మహానగరం, ఆగని వాన, రంగురంగుల లైట్లు, మెడకు తీగ తగిలించుకుని నేరుగా కంప్యూటర్ లోపలికి దూరిపోయే కుర్రాళ్ళు. రెండోది స్టీమ్‌పంక్. అందులో లోకం కరెంటు సంగతి మరిచిపోయి ఆవిరి దగ్గరే ఆగిపోతుంది. ఇత్తడి చక్రాలు, బొగ్గు, బాయిలర్లు, ఆవిరితో గాల్లో ఎగిరే ఓడలు. నేను వెంటనే మొదటి పార్టీలో చేరిపోయాను. నిజానికి ఆ రచయితలు అలాంటి నగరాలు రానివ్వకండర్రా అని భయపెట్టడానికే రాశారు. సాయంత్రమైతే కిరసనాయిలు దీపం వెతుక్కునే నాకు మాత్రం అన్ని లైట్లు ఒక్కచోట చూసేసరికి నోరూరింది.

రెండో పార్టీ మా బడిలోనే ఉంది. లెక్కల టీచర్. వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేసేవాడు, ఆవిడ సొరంగాల పక్కన క్వార్టర్స్‌లో పెరిగింది. నా దగ్గరే పుస్తకాలు తీసుకుని, నా కథల్నే తిట్టేది. మా ఇద్దరిదీ పెద్దలు కుదిర్చిన పెళ్ళి సంబంధమే గాని, కుదర్చక తప్పని పరిస్థితి కల్పించింది మాత్రం మా స్టాఫ్‌రూమ్ వాదనలే.

"మీ కథల్లో ఒక్కడైనా కడుపునిండా అన్నం తినడేటి మాస్టారూ?" అనేది.

"అది భవిష్యత్తు, టీచర్."

"అయితే మీరెళ్ళండి. నా ఇంజన్ పాడైతే మూత తీసి చూస్తాను, ఏ చక్రం అరిగిపోయిందో కళ్ళకి కనబడుతుంది. మరి మీ కంప్యూటర్ ఆగిపోతే ఏం చేస్తారు?"

"ఆపేసి మళ్ళీ ఆన్ చేస్తాం."

"దాన్ని బాగుచెయ్యడం అంటారా?"

నేను గంట కొట్టారని చెప్పి కంప్యూటర్ గదిలోకి జారుకున్నాను.

మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. పాస్టరు అయ్యగారు పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు చెప్పి, "ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయవలెను" అని కళ్ళజోడు మీదుగా అందర్నీ చూస్తారు. ఎవరూ ఏమీ అనరు. ఎవరైనా అనడం మా తాతల నాటి నుంచీ ఎరగం. మావి రెండు ప్రకటనలు హాయిగా గడిచిపోయాయి. మూడోదానికి ముందు ఒక సెలవు రోజున టీచర్ వాళ్ళ అమ్మమ్మ ఇంటికి రమ్మని కబురొచ్చింది. కాఫీ గింజలు ఎండే కాలం. కొండవాలున ఆవిడ కళ్ళంలో ఊరి ఆడవాళ్ళంతా చేటలు ముందేసుకుని పాడైన నల్లగింజలు ఏరుతున్నారు. ఆ పనికి కథ ఉండాలి. కథ చెబుతుంటే వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. నచ్చకపోతే లేచి పోవచ్చుగాని, కూర్చుని మాత్రం అది అబద్ధం అనకూడదు. ఇది అక్కడి పద్ధతి. నాకూ తెలుసు.

"ఏటి బాబూ, మీరిద్దరూ కతల కాడ కొట్టుకుంతన్నారంట గదా. సెప్పండి, ఏది బాగుంతాదో మేం సెప్తాం," అంది అమ్మమ్మ.

నేను ముందు మొదలుపెట్టాను. మహానగరం, వాన, మెడ వెనక తీగ గుచ్చుకున్న కుర్రాడు. నేనెదురుచూసిన ఊఁ రాలేదు. ప్రశ్నలొచ్చాయి.

"అన్నాల్లు వాన పడితే పంట కుళ్ళిపోదా?"

"అక్కడ పంటలుండవు, అమ్మమ్మా."

"మరేటి తింతారు? సరే, ఆ గుంటడు మెడకి బొక్కెట్టించుకుంతంటే తల్లి ఊరుకుందా?"

"తల్లి లేదు."

"ఒలమ్మ! అదీ సంగతి," అని అందరూ నాకేసి జాలిగా చూశారు. నా కథానాయకుడు ప్రపంచంలోని కంపెనీలన్నిటినీ గడగడలాడించినవాడు. ఆ కళ్ళంలో మాత్రం వాడు తల్లిలేని పిల్లాడైపోయాడు. ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది.

తర్వాత టీచర్ అందుకుంది. కొండల మీద ఆవిరి ఓడ నడిపే పిల్ల కథ. ఇత్తడి చక్రం తిప్పితే ఏమవుతుందో, మీట నొక్కితే ఆవిరి ఎటు పోతుందో చేతులతో చూపిస్తూ చెప్పింది. ఊఁ, ఊఁ, ఊఁ. చేటలు కూడా ఆ వరసలోనే ఆడుతున్నాయి. ఓడ గాలికొండ మీదికి వచ్చింది. మంచు కమ్మేసింది. బొగ్గు అయిపోయింది. ఊఁ అనడం కూడా మరిచిపోయి అందరూ నోళ్ళు తెరిచారు. సరిగ్గా అక్కడ నా నోరు కూడా తెరుచుకుంది.

"అంత బరువు బాయిలర్‌ని ఏ గాలిబుడగా మొయ్యలేదు, టీచర్. లెక్కల మనిషి కదా, లెక్క వేశారా?"

చేటలన్నీ ఆగిపోయాయి. ఆవిడ చేట కింద పెట్టి లేచింది. "మాస్టారికి అన్నీ తెలుసు. మిగిలింది ఆయన్నే చెప్పమనండి," అంది. నేను వెనకే పరిగెత్తాను. గేటు దగ్గర వెనక్కి తిరిగి, "కథలో ఒక్క ఓడని గాల్లో ఉండనివ్వని మనిషితో కాపురం ఎలా చేస్తాను? మూడో ఆదివారం అయ్యగారు అడుగుతారు కదా, అప్పుడు లేచి నేనే చెప్తాను," అంది.

ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలుసు. బడిలో ఎదురుపడితే ఆవిడ గోడతో మాట్లాడినట్టు మాట్లాడేది. ఇంట్లో మా అమ్మ నా ముఖం చూసి పట్టేసింది.

"ఏట్రా, ఆ గుంటతో ఏటి గొడవ?"

"ఆవిరి యంత్రాల గురించమ్మా."

"పెళ్ళి ముందెట్టుకుని యంత్రాలతో నీకేటి పనిరా? బేగి ఎల్లి తప్పయిపోయిందను!"

వెళ్ళాను. ఆవిడ ట్యూషన్ చెబుతూ తలుపు తియ్యలేదు. లోపల పిల్లలు పదమూడో ఎక్కం నాకు వినబడేంత గట్టిగా చదివారు. తిరిగొస్తూ దారిలో నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఈ మనిషి లేకపోతే నాతో ఇంత శ్రద్ధగా ఇంకెవరు పోట్లాడతారు అనిపించింది.

మూడో ఆదివారం వచ్చింది. నేను మగాళ్ళ వైపు గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆడవాళ్ళ వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు. అయ్యగారు పేర్లు చదివారు. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే..." అని కళ్ళజోడు సర్దుకున్నారు. బెంచీ కిర్రుమంది. నేను తల వంచేసుకున్నాను.

"ఉంది అయ్యగోరూ," అన్న గొంతు వినబడింది. అది టీచర్ గొంతు కాదు. తలెత్తి చూస్తే అమ్మమ్మ.

"ఓడ గాల్లో ఆగిపోనాది. గుంట లోపలే ఉండిపోనాది. బొగ్గు నేదు. ఆ గుంట దిగిందో నేదో సెప్పకుండా ఈలకి పెళ్ళేటి? పెళ్ళయిపోతే ఈల దారిన ఈలెల్లిపోతారు. మాకెవుడు సెప్తాడు?"

"ఏ గుంట? ఎవరి పిల్ల?" అన్నారు అయ్యగారు కంగారుగా. వెనక బెంచీల్లోంచి ఎవరో బయటికెళ్ళి ఆకాశం కూడా చూసొచ్చారు. కళ్ళంలో కూర్చున్న ఆడవాళ్ళంతా, "అవునయ్యగోరూ, మాకూ తెలవాల," అంటూ లేచారు. చివరికి సంగతి అర్థమైన అయ్యగారు గట్టిగా ఊపిరి తీసుకుని టీచర్ వైపు చూశారు.

"నేను దింపలేనండి. బరువెక్కువని మాస్టారు అన్నారు," అంది ఆవిడ తల వంచుకుని.

సంఘమంతా నా వైపు తిరిగింది. నేను లేచాను. "కింద పట్నంలో... ఒక కుర్రాడున్నాడు. ఎప్పుడూ తెర ముందే కూర్చుంటాడు. గాలి ఎటు తిరుగుతుందో, మంచు ఎక్కడ పల్చగా ఉందో వాడికి ఆ తెర మీద తెలిసింది. ఓడకి చెప్పాలి. ఓడలో కంప్యూటర్ లేదు."

"మరేటి సేసినాడు?" అంది అమ్మమ్మ.

"మెడలో తీగ పీకేసి, కొండెక్కి కేకేశాడు. ఇటు తిప్పమని చేతులూపాడు. ఆ పిల్ల అటే తిప్పింది. గాలే ఓడని మెల్లగా మోసుకొచ్చి కాఫీతోటలో దింపింది. బరువు... బరువేం అడ్డురాలేదు. నేను లెక్క తప్పుగా వేశాను."

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్కసారిగా ఊఁ వినబడింది. అందులో నాకు బాగా తెలిసిన గొంతు కూడా ఉంది. అయ్యగారు చెమట తుడుచుకుని, "ఓడ దిగింది. ఇంకెవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నారు. లేదు. నేను కూర్చున్నాను గాని, అది కూర్చోవడం కాదు, కూలబడడం. అంత హాయి నా జీవితంలో మళ్ళీ ఎరగను.

ఇప్పుడు మా లోయలో కళ్ళం దగ్గర కూడా చేతుల్లో ఫోన్లే. అందరూ తలలు వంచుకుని ఎక్కడో లోపలికి దూరిపోయి ఉంటారు, మెడకు తీగ ఒక్కటే తక్కువ. నేను అంతగా కోరుకున్న రేపు చెప్పాపెట్టకుండా వచ్చేసింది. వచ్చాక తెలిసింది, నాకు ఇత్తడి చక్రాల కథలే ఎక్కువ ఇష్టమని. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, పరువు పోతుంది.

మొన్నొక సాయంత్రం కాఫీ తాగుతూ ధైర్యం చేసి అడిగాను. "ఆ రోజు నిజంగా లేచేదానివా, ఊరికే బెదిరించావా?"

ఆవిడ ఫోనులోంచి తలెత్తకుండానే అంది. "లేచాను కదా మాస్టారూ. సగం లేచేసరికి అమ్మమ్మ లేచీసింది. పెద్దావిడ మాట్లాడుతుంటే మధ్యలో నేనేటి మాట్లాడతానని మళ్ళీ కూర్చుండిపోయాను."

నేను గ్లాసు కింద పెట్టేశాను. ఏమీ ఎరగకుండా గోడకానుకుని కూర్చున్న ఆ మీసాల కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకున్నాను, ఎందుకైనా మంచిదని నా కుర్చీ ఆవిడకి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాను.