హెడ్డు మునిరాజు దస్తూరీ

ఆకాశరామన్న ఉత్తరం చేతికొస్తే హెడ్డు కానిస్టేబులు మునిరాజు ముందు కాగితం వాసన చూస్తాడు, తర్వాత కళ్ళజోడు తుడుచుకుని దస్తూరీని బట్టి మనిషిని పట్టేస్తాడు. చెన్నై పోలీసుల్లో ఇరవయ్యేళ్ళుగా అదే ఆయన పరువు. తొంభై తొమ్మిదిలో కొత్త ఎస్సై ఇంద్రజ వచ్చి, బెదిరింపు ఈమెయిల్ ఏ కంప్యూటర్‌ నుంచి వచ్చిందో కూర్చున్నచోటే చెప్పేస్తుంటే ఆయనకి ఇడ్లీ కూడా సయించలేదు. ఓర్చుకోలేక టి. నగర్‌లో ఒక బ్రౌజింగ్ సెంటర్‌కెళ్ళి, ఆమె మీద కమిషనరుకి పేరులేని ఈమెయిల్ కొట్టాడు.

మూడోనాడు ఇంద్రజ ఆ సెంటర్ రిజిస్టర్ తెచ్చి ఆయన ముందు తెరిచింది. వచ్చినవాళ్ళందరి చేతా పేరు రాయించమని సెంటర్లన్నీ తిరిగి చెప్పింది ఆయనే. ఆ అలవాటుకొద్దీ తనూ రాసేశాడు. ఆమె ఆ పేరు మీద వేలు అడ్డం పెట్టింది.

"ఆ టయానికి ఆడ ఉండింది ఒకడేనంట. దస్తూరీ మీకే గదన్నా తెలిసేది."

మునిరాజు కళ్ళజోడు చాలాసేపు తుడిచాడు.

"తెలిసినోడే మేడమ్. కడుపుమంట మనిషి. ఇంక రాయడు."