ఎవరూ చూడని లారీ

మొన్న సాయంత్రం మా కాలనీ పార్కులో, మోకాళ్ళ నొప్పుల వాళ్ళం ఎప్పుడూ చేరే సిమెంటు బల్ల మీద కబుర్లు చెప్పుకుంటుండగా, పక్కింటావిడ తన సెల్‌ఫోను అందరి ముందుకూ చాపింది. ఎక్కడో ఎవరినో ఒక కారు గుద్ది, ఆగకుండా వెళ్ళిపోయిందట. ఒక కుర్రవాడి ముఖం చుట్టూ ఎర్రగీత గీసి 'వీడే' అని రాశారు. చూసినవాళ్ళందరూ వాణ్ణి నడిబజారులో ఉరి తీయాలన్నారు. నేను మాత్రం ఫోను వెనక్కి ఇచ్చేశాను. చలిగాలి పడడం లేదని చెప్పి ఇంటికి వచ్చేశాను. తలుపు గడియ పెట్టుకుంటుంటే, ఎన్నో ఏళ్ళ కిందటి మా తాండూరు ఇంటి గడియ కళ్ళ ముందు మెదిలింది.

నిజాం రాజ్యం పోయి పుష్కరం దాటిన కాలం అది. తాండూరులో ఆడపిల్లల బడిలో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. నాన్న లేడు, అమ్మ, అన్న, వదిన, వదిన చంకలో ఇంకా పళ్ళు రాని పిల్ల, నేను, అదీ మా ఇల్లు. అన్న ఒక సేటు దగ్గర లారీ నడిపేవాడు. గనుల్లో తీసిన బండలను వికారాబాదు మీదుగా పట్నం చేర్చడం అతని పని. లారీ నడపడం ఆ రోజుల్లో ఎంత గొప్పో మా తరం వాళ్ళకు చెప్పనక్కరలేదు. బజారులో అతని హారను వినిపిస్తే నా తరగతి పిల్లలందరూ పలకలు వదిలేసి కిటికీ వైపు తిరిగేవారు, ఇంట్లో వదిన జొన్నరొట్టె పెనం మీద వేసేది.

ఒక సంతరోజు, పొద్దు గూకే వేళ, పెద్దేముల్ తోవలో మంత్రసాని అవ్వను ఒక లారీ గుద్ది వెళ్ళిపోయింది. ఆమెను ఎరగని గడప మా వైపు లేదు. వానలో, ఎండలో, పిలిచినవాళ్ళ కులం మతం అడగకుండా వెళ్ళి పురుళ్ళు పోసిన మనిషి. మా వదినకు కాన్పు కష్టమైతే పొద్దంతా పక్కన కూర్చుని తల్లినీ పిల్లనూ దక్కించింది కూడా ఆమే. అటువంటి మనిషిని కుక్కను వదిలేసినట్టు దారిలో చావుకు వదిలేసి పోయారన్న మాట వినగానే నాకూ కడుపు మండింది, ఎవడో గానీ వాడి చేతులు పడిపోవాలని తిట్టుకున్నాను.

మర్నాడు ఊరంతా ఆ ఎవడో మా అన్నే అన్నది.

మేకలు మలుపుకుని వస్తున్న ఒకాయన దూరంనుంచి ఆకుపచ్చ మొగం లారీని చూశాడట. అన్న లారీ మొగం ఆకుపచ్చ. పైగా దాని ముందు దీపం ఒకటి పగిలి ఉంది. గనిలో బండ ఎత్తుతుంటే తగిలి పగిలిందని అన్న చెప్పాడు, కానీ ఆ బండ ఎత్తిన కూలీలు తమకేమీ గుర్తు లేదన్నారు. వాళ్ళనీ ఏమనగలను, ఊరంతా ఒకవైపు ఉన్నప్పుడు గుర్తు తెచ్చుకోవడానికి ఎవరికి ధైర్యం?

అమ్మ అన్నను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నిజం చెప్పమన్నది. అన్న తల ఎత్తలేదు.

"నేను గుద్దలేదమ్మా. గుద్దితే ఆగకపోదునా? నా బిడ్డ బొడ్డు కోసిన చెయ్యి గది."

ఆ మాట పూర్తయ్యేసరికి వీధిలో అరుపులు వినపడ్డాయి. తలుపు సందులోంచి చూశాను. కట్టెలు పట్టుకున్నవాళ్ళు, చేతుల్లో రాళ్ళున్నవాళ్ళు, వెనక తోసుకొస్తున్న ఆడవాళ్ళు. పరాయివాళ్ళయితే అంత భయం వేసేది కాదేమో. మాకు పాలు పోసే ఆయన ముందు వరుసలో ఉన్నాడు, నా దగ్గర చదువుకునే పిల్ల తండ్రి అతని పక్కన ఉన్నాడు. బయటికి తోలుండ్రి వాణ్ణి, లేకుంటే ఇల్లు తగులబెడ్తం అని అరుస్తున్నవి నేను రోజూ వినే గొంతులే. మొదటి రాయి మా బండల కప్పు మీద పడి దొర్లిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పిల్ల గుక్కపట్టింది. వదిన దాని నోటికి కొంగు అడ్డం పెట్టి, ఊపిరాడుతుందో లేదోనని మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది.

అప్పుడు పెరటి గోడ అవతలినుంచి, బట్టలు కుట్టే మా పొరుగింటి ఖాలా చేతులు చాచింది. "బచ్చీని ఇటియ్యి బేటీ, జల్ది! నువ్వు గూడ దుంకు!" అంటూ పిల్లనూ వదిననూ తన ఇంట్లోకి లాక్కున్నది. నన్నూ రమ్మన్నది. అమ్మ కదల్లేదు, అమ్మను వదిలి నేను కదల్లేకపోయాను.

తలుపు గడియ ఊగుతోంది. అన్న లేచి, నేనే బయటికి పోత, మీ జోలికి రారు అన్నాడు. అమ్మ అతని కాళ్ళకు అడ్డం పడింది. ఇంతలో బయట అరుపులు ఉన్నట్టుండి సన్నగిల్లాయి. ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది. సందులోంచి చూస్తే అవ్వ కూతురు. తల విరబోసుకుని, మట్టి అంటిన చీరతోనే, కట్టెలవాళ్ళకూ మా తలుపుకూ నడుమ నిలబడింది. మమ్మల్ని చంపడానికి ఆమే ముందు వచ్చిందనుకుని నేను కళ్ళు మూసుకున్నాను.

"సచ్చింది మా అవ్వ. గీయనే గుద్దిండని కండ్లార చూసినోళ్ళు ఎవ్వలో ముంగటికి రాండ్రి," అన్నది.

ఎవరూ కదలలేదు. మేకలాయన వైపు అందరూ చూశారు. అతను తల దించుకున్నాడు.

"చూడనోళ్ళు తొవ్వ ఇడువుండ్రి. అమీన్ సాబ్ వస్తుండు, కచేరిల తేలనీ. గీయనే అయితే దేవుడు ఇడిసిపెట్టడు. కాకుంటే, ఈయన్ని కొట్టిన పాపం మా అవ్వ పేరు మీద నాకొద్దు."

ఠాణానుంచి పోలీసు అమీను వచ్చేదాకా ఆమె అక్కడే నిలబడింది. అన్నను తీసుకెళ్తుంటే ఆమె అతని ముఖంలోకి చూసిన చూపు నేను మరిచిపోలేను. ఆ చూపులో జాలి లేదు, నమ్మకమూ లేదు. తెలుసుకోవాలన్న ఆరాటం మాత్రమే ఉంది.

వికారాబాదు కోర్టులో కేసు నడిచింది. పేషీ రోజు నేనూ అమ్మా పాసింజరు బండిలో వెళ్ళేవాళ్ళం. ఒకసారి మా ఎదుటి బల్లమీది వాళ్ళు ఆ సంగతే మాట్లాడుకున్నారు. డ్రైవరు కిందికి దిగాడట, అవ్వ నీళ్ళడిగిందట, వాడు బీడీ ముట్టించుకుని వెళ్ళిపోయాడట. పక్కనున్నట్టే చెప్తున్నారు. మేమెవరమో తెలిస్తే ఏం చేస్తారోనని అమ్మ ముసుగు ముక్కుదాకా లాక్కున్నది. ఆమె గోళ్ళు నా అరచేతిలో దిగబడ్డాయి. ధారూరు రాగానే దిగిపోయి, తరువాతి బండి కోసం కాచుకున్నాం.

మేకలాయన జడ్జిగారి ముందు దుమ్ములో కంటికి సరిగా ఏమీ ఆనలేదని, నంబరు గానీ మనిషిని గానీ చూడలేదని ఒప్పుకున్నాడు. రుజువు కాలేదని అన్నను వదిలేశారు. అమ్మ వకీలును పట్టుకుని, అంటే నా కొడుకు చెయ్యలేదనే కదా అని పదేపదే అడిగింది. చట్టం లెక్కన అంతే పెద్దమ్మా అన్నాడాయన. ఊరికి ఆ లెక్క పట్టలేదు. తప్పించుకున్నాడు అన్నారు. మంగలి అన్నకు గడ్డం గీయలేదు, నా తరగతిలో సగం మంది పిల్లలు మానేశారు. సేటు లారీ ఎక్కమన్నా అన్న ఎక్కలేదు. బండలు నునుపు చేసే పనిలో చేరి నడిచే వెళ్ళేవాడు. వెనక లారీ చప్పుడైతే చాలు, రోడ్డు దిగి కందిచేలో నిలబడి, అది కనుమరుగయ్యేదాకా తోవ ఎక్కేవాడు కాదు. అతను పోయేదాకా అంతే.

అవ్వ కూతురు కూడా తల్లి పనే చేసింది. వదిన రెండో కాన్పుకు పిలవాలా వద్దా అని మేము తర్జనభర్జన పడుతుండగానే ఎవరో చెప్తే విని తనే వచ్చింది. అన్నతో ఒక్క మాట మాట్లాడలేదు. పిల్లవాణ్ణి కడిగి, తెచ్చి అతని చేతుల్లో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ లారీ ఎవరిదో ఈనాటికీ తెలియదు. పెద్దేముల్ తోవ ఇప్పుడు తారురోడ్డు, రాత్రీ పగలూ లారీలే. ఆనాటి గుంపు కూడా చంపడానికే వచ్చింది, దాన్ని నేను మంచిదనను. అయినా దానికి ముఖాలున్నాయి. ఎదురుగా నిలబడి, చూసిండ్రా అని అడగడానికి ఒక మనిషికి చోటు ఉంది, అడిగితే తల దించుకోవడానికి ఒక మేకలాయన ఉన్నాడు. ఈ సెల్‌ఫోను కాలంలో అవ్వ కూతురు బతికి ఉన్నా, ఎవరి వాకిట్లో నిలబడి అడుగుతుంది?